వీల్ బేరింగ్: ఇంట్లో ఎంతవరకు?

కారు యాభై, అరవై దాటగానే కిందినుంచి గూ... అని ఒక శబ్దం మొదలవుతుంది. వేగం పెరిగితే పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. మొదట్లో రోడ్డు బాగాలేదేమో అనుకుంటాం, తర్వాత టైర్లు అరిగాయేమో అనుకుంటాం. నెల తిరిగేసరికి పక్క సీట్లో కూర్చున్నవాళ్లు కూడా "ఏంటండీ ఆ సౌండు?" అని అడుగుతారు. మెకానిక్ ఒక రౌండు వేసి వచ్చి "బేరింగ్ పోయింది సార్" అంటాడు. చాలాసార్లు ఆ మాట నిజమే. కాని ఏ చక్రానిది పోయింది, ఎందుకు పోయింది, ఇంకా ఎంత దూరం నడపొచ్చు, కొత్తది ఎన్నాళ్లుంటుంది అని అడిగితే సరైన జవాబు దొరకడం కష్టం. కారు పని సొంతంగా చేసుకునే అలవాటున్నవాళ్లకు ఇంకో ప్రశ్న కూడా ఉంటుంది: ఇది ఇంట్లో అయ్యే పనేనా?

దీనిమీద మూడు రకాల మాటలు వినిపిస్తాయి. బేరింగ్ కంపెనీల పుస్తకాలు ప్రెస్ లేకుండా ముట్టుకోవద్దంటాయి. వర్క్‌షాపుల్లో తలపండిన మేస్త్రీలు ఒక సుత్తి, పాత బేరింగ్ రింగు ఉంటే చాలంటారు. ఇంటి దగ్గర పని చేసుకునేవాళ్లలో చాలామంది పొడవాటి బోల్టూ కప్పులూ ఉండే కిట్టు కొనుక్కుని, కారు మీదనుంచి ఏమీ దించకుండానే లాగేయొచ్చంటారు. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూశాక నాకు కుదిరిన అభిప్రాయం ఇది. జబ్బు తేల్చడం పూర్తిగా ఇంటి పని. తీరిక ఉంటుంది కాబట్టి వర్క్‌షాపులో కన్నా ఇంట్లోనే బాగా జరుగుతుంది. విప్పడం, బిగించడం కూడా చాలావరకు ఇంట్లోనే అవుతాయి. మధ్యలో ఉన్న ఒక్క మెట్టు, అంటే బేరింగ్‌ను దాని గూట్లోకి నొక్కడం, ప్రెస్ ఉన్నచోట చేయించాలి. అదీ మనం పక్కన నిలబడి చేయించాలి. కొత్త బేరింగ్ ఆయుష్షు తేలేది ఆ కాసేపట్లోనే.

మీ కారులో ఉన్నది ఏ రకం?

గుండ్ల మీద ఇరుసు తిప్పడం పాత ఆలోచనే. వేల్స్‌లోని కార్మార్దెన్‌కు చెందిన ఫిలిప్ వాన్ 1794లోనే బండి ఇరుసుకు బాల్ బేరింగ్ పెట్టే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. అయితే గుండ్లన్నీ ఒకే కొలతలో లేకపోతే బరువంతా పెద్ద గుండు మీదే పడుతుంది. 1883లో జర్మనీలోని ష్వైన్‌ఫర్ట్‌లో ఫ్రీడ్రిష్ ఫిషర్ ఉక్కు గుండ్లను ఒకే కొలతకు సానబట్టే యంత్రం తయారుచేశాకే ఇది పరిశ్రమగా ఎదిగింది. 1898లో అమెరికాలో, గుర్రపు బళ్లు తయారుచేసే హెన్రీ టిమ్‌కెన్ ఏటవాలు రోలర్ల బేరింగ్‌కు పేటెంటు పొందాడు. పైనుంచి పడే బరువునూ, మలుపులో పక్కనుంచి వచ్చే తోపునూ ఒకేసారి మోయగలగడం దాని గొప్పదనం. మన మెకానిక్‌లు కప్పూ కోనూ అని పిలిచే ఆ టేపర్ బేరింగే ఇప్పటికీ లారీల్లో, ట్రాక్టర్ ట్రాలీల్లో, పాతకాలపు జీపుల ముందు చక్రాల్లో తిరుగుతోంది. దాన్ని విప్పి, కడిగి, గ్రీజు పట్టించి, నట్టుతో సరిచేసుకోవచ్చు. ఇది పూర్తిగా ఇంట్లో అయ్యే పని.

ముందు చక్రాలు లాగే కార్లు వచ్చాక పరిస్థితి మారింది. రెండు వరుసల గుండ్లు, రెండు పక్కలా సీలు, లోపల జీవితకాలానికి సరిపడా గ్రీజు, అన్నీ ఒకే ముద్దగా వచ్చే బేరింగ్‌ను, చక్రాన్ని పట్టి ఉంచే నకిల్‌లోకి నొక్కి, దానిలోకి హబ్బును నొక్కుతారు. మన రోడ్ల మీద తిరిగే చిన్నకార్లలో ముందువైపు ఎక్కువగా ఉండేది ఇదే. వెనకవైపు చాలా కార్లలో ఇలాంటి బేరింగే బ్రేకు డ్రమ్ములో గానీ వెనక హబ్బులో గానీ కూర్చుని ఉంటుంది. మూడోరకం ఇంకా కొత్తది: హబ్బూ బేరింగూ ఏబీఎస్ సెన్సార్ భాగమూ కలిపి ఒకే అసెంబ్లీగా వస్తాయి, నాలుగు బోల్టులు విప్పి పాతది తీసి కొత్తది పెట్టడమే. ఖరీదు ఎక్కువే, కాని ప్రెస్‌తో పని లేదు. పానా పట్టుకునే ముందు మీ కారులో ఉన్నది వీటిలో ఏదో విడిభాగాల షాపులో అడిగి తెలుసుకోండి. ఇంట్లో ఎంతవరకు అన్న ప్రశ్నకు సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

ఎందుకు పోతుంది?

165/80 సైజు, 14 అంగుళాల రిమ్ము ఉన్న చిన్నకారు చక్రం ఒక చుట్టుకు రెండు మీటర్లకు కాస్త తక్కువ దూరం పోతుంది. లక్ష కిలోమీటర్లు తిరిగేసరికి బేరింగ్ 5 కోట్లకు పైగా చుట్లు తిరిగి ఉంటుంది. ప్రతి చుట్టులోనూ గుండు దారి మీద ఆనే చోటు చాలా చిన్నది, అక్కడి ఒత్తిడి మాత్రం విపరీతం. అందుకే బేరింగ్‌ను ఒక శాతం కార్బన్, ఒకటిన్నర శాతం క్రోమియం కలిసిన గట్టి ఉక్కుతో చేస్తారు. అయినా ఆ నొక్కుడుకు పైపొర కింద ఎక్కడో సన్నటి పగులు పుట్టి, పాకి, ఒకరోజు చిన్న పెచ్చు ఊడుతుంది. ఆ గుంటమీదుగా గుండు దాటినప్పుడల్లా ఒక తట్టు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో ఆ చక్రం సెకనుకు పదకొండున్నర చుట్లు తిరుగుతుంది. వరుసకు 13 గుండ్లు ఉన్నాయనుకుంటే, బయటి రింగు మీది గుంటకు సెకనుకు సుమారు 60 తట్లు, లోపలి రింగు మీదిదైతే 90 దాకా తగులుతాయి. మనకు గూ అని వినపడేది ఈ తట్లన్నీ కలిసే. చక్రం బ్యాలెన్సు తప్పితే సెకనుకు పదకొండే కాబట్టి అది శబ్దంగా వినపడదు, స్టీరింగ్‌లో వణుకుగా తెలుస్తుంది.

బాల్ బేరింగ్ మీద పడే బరువు రెట్టింపైతే, ఆయుష్షు సగం అవుతుందని మనం అనుకుంటాం. అసలు లెక్కలో అది ఎనిమిదోవంతుకు పడిపోతుంది, ఎందుకంటే బరువుకు మూడో ఘాతంలో తగ్గుతుంది. అందంకోసం వెడల్పాటి అల్లాయ్ చక్రాలు, మధ్యలో స్పేసర్లు వేసి టైరును బయటికి నెట్టినవాళ్లు బేరింగ్ మీద ఎంత భారం పెంచుతున్నారో ఈ లెక్క చెబుతుంది. పెళ్లికో తిరపతికో ఏడుగురు ఎక్కి వెళ్లిన ఒక్క ప్రయాణంతో బేరింగ్ పోదు. ఏళ్ల తరబడి అదే పని చేస్తే పోతుంది.

గుంతలో చక్రం దబ్బున పడితే గుండ్లు దారి మీద గుండు గుండుకూ ఒక చొట్ట వేస్తాయి. ఇది అలసట వల్ల వచ్చే పగులు కాదు, ఒక్క దెబ్బకు పడే గుర్తు. బండి కదలకపోయినా ఇలాంటి గుర్తులు పడతాయి. 1930ల్లో అమెరికాలో కొత్త కార్లను డెట్రాయిట్ నుంచి రైళ్లలో దూరప్రాంతాలకు పంపినప్పుడు, చక్రాలు తిరగకుండానే పెట్టెల అదురుకు బేరింగ్‌లు చెడిపోవడం ఇంజనీర్లకు పెద్ద తలనొప్పి అయింది. ఒకేచోట సన్నగా అదురుతూ ఉంటే గుండుకూ దారికీ మధ్య ఉండాల్సిన గ్రీజు పక్కకు తప్పుకుని లోహం లోహాన్ని ఒరుసుకుంటుంది.

మన దగ్గర మాత్రం అసలు శత్రువు నీళ్లు. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్ కాలనీల్లోకి, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ వైపు వీధుల్లోకి వచ్చిన వరదల్లో కార్లు రోజుల తరబడి నీళ్లలో నానాయి. అలాంటి కారుకు ఇంజనూ సీట్లూ బాగుచేయించి, బేరింగ్‌ల సంగతి వదిలేస్తారు. వరదే రానక్కర్లేదు. దూరం నడిచి వేడెక్కిన హబ్బు మోకాటిలోతు నీళ్లలో దిగితే లోపలి గాలి ఒక్కసారిగా చల్లబడి కుంచించుకుంటుంది, సీలు అంచు సందులోంచి నీటిని లోపలికి పీలుస్తుంది. గ్రీజు తెల్లగా పాలిపోతుంది. కారు రెండు వారాలు కదలకుండా ఉంటే గుండు ఆనినచోట తుప్పు మచ్చ పడుతుంది. శబ్దం నెలల తర్వాత మొదలవుతుంది, అప్పటికి ఆ నీళ్ల సంగతి ఎవరికీ గుర్తుండదు.

నాలుగో కారణం కొత్త బేరింగ్‌ను తప్పుగా బిగించడం. దాని సంగతి ముందుముందు వివరంగా చెబుతాను.

జబ్బు తేల్చడం

శబ్దం చేసేది బేరింగ్ ఒక్కటే కాదు. టైరు కూడా అచ్చం అలాగే మూలుగుతుంది. ముందుగా టైరును పక్కకు తప్పించాలి. నున్నటి కొత్త తారు మీదనుంచి సిమెంటు రోడ్డు మీదికి వెళ్లినప్పుడు గొంతు మారితే అనుమానం టైరు మీదికి పోతుంది, ఎందుకంటే బేరింగ్‌కు రోడ్డు రకంతో పెద్దగా పనిలేదు. కారు ఆపి టైరు మీద అరచెయ్యి ఒకసారి ముందుకూ ఒకసారి వెనక్కీ పోనివ్వండి. ఒక దిక్కున నున్నగా ఉండి రెండో దిక్కున రంపపు పళ్లలా గుచ్చుకుంటే అది టైరు తప్పే. ఇంకా అనుమానం ఉంటే ముందు టైర్లు వెనక్కీ వెనకవి ముందుకీ మార్చి చూడండి. శబ్దం చోటు మారితే సందేహం తీరినట్టే. దీనికి మీకయ్యే ఖర్చు ఒక గంట శ్రమ మాత్రమే.

ఖాళీగా, తిన్నగా ఉన్న రోడ్డు మీద ఇంజన్ ఆపకుండా కాసేపు న్యూట్రల్‌లో పోనిచ్చి చూడండి. శబ్దం అలాగే ఉంటే ఇంజన్, గేర్లు తప్పుకున్నట్టే. యాక్సిలరేటర్ నొక్కినప్పుడు ఒకలా వదిలినప్పుడు ఒకలా వినపడితే గేర్‌బాక్స్ వైపు చూడాలి. స్టీరింగ్ పూర్తిగా తిప్పి నెమ్మదిగా పోతుంటే టక్ టక్ అంటే అది యాక్సిల్ జాయింటు. బ్రేకు మీద కాలు తేలిగ్గా వేయగానే ఆగిపోయే గీకుడు ప్యాడ్లది.

ఇక అందరికీ తెలిసిన మలుపు పరీక్ష. కారు కుడికి తిరిగితే బరువు ఎడమ చక్రాల మీదికి వాలుతుంది. అప్పుడు శబ్దం పెరిగితే ఎడమ బేరింగ్, ఎడమకు తిరిగినప్పుడు పెరిగితే కుడి బేరింగ్ అని లెక్క. ఎక్కువసార్లు ఇది సరిగ్గానే చెబుతుంది, కాని దీన్ని నమ్మి బేరింగ్ కొనెయ్యకండి. లోపల రెండు వరుసల గుండ్లున్నాయి. మలుపులో టైరును రోడ్డు పక్కకు తోసినప్పుడు బరువు ఒక వరుస మీద పెరిగి ఇంకో వరుస మీద తగ్గుతుంది. దెబ్బతిన్నది బరువు తగ్గిన వరుసైతే శబ్దం పెరగడానికి బదులు తగ్గుతుంది, తీర్పు తారుమారవుతుంది. పైగా శబ్దం ఇనుములో పాకుతుంది. వెనక ఎడమది మోగుతుంటే ముందు కుడిది అనిపించడం నేను చూశాను. మలుపు పరీక్ష ఏ రెండు చక్రాలు చూడాలో చెబుతుంది, అంతవరకే.

ఆఖరి మాట చక్రాన్ని పైకెత్తాకే. గట్టినేల మీద, మిగతా చక్రాలకు అడ్డం పెట్టి, జాకీతో ఎత్తి, స్టాండు మీద నిలబెట్టండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి చెయ్యి కూడా లోపల పెట్టొద్దు. టైరును పైనా కిందా పట్టుకుని లోపలికీ బయటికీ ఊపండి. మెకానిక్‌లు ప్లే అనే కదలిక తెలిస్తే, ఒకరిని బ్రేకు తొక్కి పట్టమనండి. బ్రేకు తొక్కగానే కదలిక పోతే అది బేరింగ్‌దే, ఎందుకంటే అప్పుడు డిస్కును కాలిపర్ నకిల్‌కు బిగించి పట్టుకుంటుంది. తొక్కినా కదులుతుంటే బాల్ జాయింటు చూడండి. ఎడమా కుడీ పట్టుకుని ఊపినప్పుడే కదిలేది సాధారణంగా టై రాడ్ ఎండు.

ఇక్కడే చాలామంది మోసపోతారు. "చక్రం ఊపి చూశాను, ప్లే లేదు, బేరింగ్ బాగానే ఉంది" అంటారు. కప్పూ కోనూ రోజుల్లో ఆ మాట చెల్లేది, అక్కడ అరుగుదల ముందు ప్లేగానే బయటపడేది. ఇప్పటి రెండు వరుసల బేరింగ్ లోపలే బిగుతు పెట్టి తయారవుతుంది. దారి మీద పెచ్చు ఊడి వేల కిలోమీటర్లు మూలిగాక గాని దానిలో ప్లే రాదు. ప్లే వచ్చిందంటే ఆఖరి దశ. ప్లే లేకపోవడం బేరింగ్ బాగుందనడానికి సాక్ష్యం కాదు.

మరి దేన్ని నమ్మాలి? నేను అన్నిటికన్నా ఎక్కువ నమ్మేది కాయిల్ స్ప్రింగును. గేరు న్యూట్రల్‌లో ఉంచి, చక్రం పైకెత్తి, లోపలివైపు స్ప్రింగు మీద నాలుగు వేళ్లు మెత్తగా ఆనించి, రెండో చేత్తో టైరును నెమ్మదిగా తిప్పండి. బాగున్న బేరింగ్ అయితే వేళ్లకు ఏమీ తెలియదు. పోతున్నదైతే సన్నటి గరగర స్ప్రింగులోకి ఎక్కి వేళ్లకు తగులుతుంది, చెవికి ఏమీ వినపడకపోయినా సరే. బ్రేకు ప్యాడు ఆనే చప్పుడు చుట్టుకోసారి ఉస్సుమని వచ్చిపోతుంది, గరగర మాత్రం చుట్టంతా ఉంటుంది. తేడా తెలియకపోతే కాలిపర్ విప్పి వైరుతో పైకి కట్టి మళ్లీ తిప్పండి. అదే పని రెండోవైపు చక్రానికీ చేయాలి, ఎందుకంటే పోల్చి చూస్తే గాని వేళ్లకు తీర్పు చెప్పడం రాదు. చక్రాన్ని పైకెత్తి ఇంజన్‌తో తిప్పుతూ పొడవాటి స్క్రూడ్రైవర్ చెవికి ఆనించి వినే పద్ధతి వర్క్‌షాపుల్లో ఉంది. ఇంట్లో అది వద్దనే చెబుతాను. ఒక చక్రం ఆగి ఉంటే రెండోది మీటరు చూపేదానికి రెట్టింపు వేగంతో తిరుగుతుంది, దాని పక్కన తల పెట్టాల్సి వస్తుంది.

ఇవి కాక రెండు మౌన సాక్షులున్నాయి. అప్పుడప్పుడూ వెలిగి ఆరిపోయే ఏబీఎస్ దీపం ఒకటి. మలుపు తిరిగి వచ్చాక మొదటిసారి బ్రేకు పెడల్ మామూలు కన్నా లోతుకు దిగడం రెండోది. హబ్బు వంకరగా ఊగి డిస్కు ప్యాడ్లను వెనక్కి నెట్టడం వల్ల అలా దిగుతుంది. ఇది కనిపిస్తే ఇక ఆలోచించకండి.

శబ్దం మొదలయ్యాక ఎంత దూరం నడపొచ్చు? కచ్చితమైన కిలోమీటర్ల లెక్క ఎవరూ ఇవ్వలేరు. మూలుగు మాత్రమే ఉండి ప్లే లేకపోతే భాగం తెప్పించుకుని, తీరిక చూసుకుని మార్చేంత వ్యవధి ఉంటుందనే నా అభిప్రాయం. ప్లే తెలిసినా, హబ్బు చెయ్యి పెట్టలేనంత కాలినా, శబ్దం గరగర నుంచి గీకుడులోకి మారినా ఆ కారు వర్క్‌షాపు దాకా కూడా దాని చక్రాల మీద పోకూడదు.

విప్పడం, నొక్కడం, బిగించడం

ముందుచక్రం పని తీసుకుందాం, కష్టమంతా అక్కడే ఉంది. యాక్సిల్ నట్టుకు కారును బట్టి 30, 32 లేదా 36 మిల్లీమీటర్ల సాకెట్టు, బారెడు కడ్డీ కావాలి. నట్టు అంచును యాక్సిల్ గాడిలోకి కొట్టి ఉంటే ముందు దాన్ని ఉలితో పైకి లేపాలి. చక్రం నేలమీద ఉండగానే, ఒకరు బ్రేకు తొక్కి పట్టి ఉండగా నట్టును ఒక్క మలుపు సడలించండి. ఆ తర్వాత కారును అంగుళం కూడా దొర్లించొద్దు. లోపల రెండు ముక్కలుగా ఉండే లోపలి రింగును కలిపి పట్టి ఉంచేది ఆ నట్టే.

ఆపైన చక్రం తీసి, కాలిపర్ విప్పి వైరుతో కట్టండి, దాని గొట్టానికి వేలాడదీయకండి. ఏబీఎస్ సెన్సార్‌ను తుప్పు పట్టి ఉంటే లాగకుండా, నూనె వేసి అటూ ఇటూ తిప్పుతూ తీయాలి. టై రాడ్ ఎండు, కింది బాల్ జాయింటు ఊడదీసి, స్ట్రట్ బోల్టులు విప్పే ముందు అవి ఎక్కడ కూర్చున్నాయో గీత పెట్టుకోండి. నకిల్ చేతికొస్తుంది. ఇంతవరకు మామూలు పానాలతో, ఒక పూటలో, ఇంటి ముందు అయ్యే పని.

ఇప్పుడు ఆ నకిల్‌నూ కొత్త బేరింగ్‌నూ తీసుకుని ప్రెస్ ఉన్న లేత్ షాపుకు వెళ్లండి. విజయవాడ ఆటోనగర్‌లో గానీ సికింద్రాబాద్ రాణీగంజ్‌లో గానీ ఇలాంటి షాపుకు వెతుక్కోనక్కర్లేదు, జిల్లా కేంద్రాల్లోనూ ఉంటాయి. అక్కడ రెండే రెండు విషయాలు కళ్లతో చూడాలి. బేరింగ్‌ను నకిల్‌లోకి దించేటప్పుడు ప్రెస్ తోపు బయటి రింగు మీద మాత్రమే పడాలి. హబ్బును బేరింగ్‌లోకి దించేటప్పుడు బేరింగ్ లోపలి రింగు కింద సరిపోయే గొట్టమో రింగో ఆసరాగా ఉండాలి. హడావుడిలో జరిగే తప్పు ఈ రెండోదే. నకిల్‌ను దిమ్మెల మీద పెట్టి పైనుంచి హబ్బును నొక్కేస్తారు. అప్పుడు టన్నుల కొద్దీ తోపు హబ్బునుంచి లోపలి రింగుకు, అక్కడినుంచి గుండ్ల గుండా బయటి రింగుకు పోతుంది. కళ్లకు కనపడని చొట్టలు అప్పుడే పడిపోతాయి. హబ్బు నున్నగా తిరుగుతూనే ఉంటుంది, కొద్ది నెలలకు మళ్లీ అదే మూలుగు. "డూప్లికేట్ బేరింగ్ అంటగట్టాడు" అని షాపువాణ్ని తిట్టే చాలా సందర్భాల్లో అసలు కారణం ఈ నొక్కుడే అని నా నమ్మకం. మేస్త్రీని నొప్పించకుండా "అన్నా, కింద లోపలి రింగుకు సపోర్టు పెట్టావా?" అని ఒక్కమాట అడిగితే చాలు, తెలిసినవాళ్లు వెంటనే పెడతారు.

సుత్తి సంగతి ఇక్కడే చెప్పాలి. సుత్తితో ఎన్నో బేరింగ్‌లు వేశామనే మేస్త్రీల మాట అబద్ధం కాదు. టేపర్ బేరింగ్‌లో కప్పు విడిగా వస్తుంది, దాన్ని మెత్తటి కడ్డీతో చుట్టూ తట్టి కూర్చోబెట్టడమే పద్ధతి, ఆ దెబ్బ రోలర్లకు తగలదు. అక్కడ నేర్చిన చెయ్యి సీలు వేసిన ముద్ద బేరింగ్ మీదికి వచ్చినప్పుడే నష్టం. బోల్టు కిట్టుకు మాత్రం నేను పూర్తిగా వ్యతిరేకిని కాను. దాని తోపు నిదానంగా, సరైన రింగు మీద పడేలా మనమే ఏర్పాటు చేసుకోవచ్చు, బాల్ జాయింట్లు విప్పే బాధ ఉండదు, చక్రాల అలైన్‌మెంటు చెదరదు. కాని పాత బేరింగ్ గూట్లో తుప్పుతో అతుక్కుని ఉంటే బోల్టు మరలు ముందు పోతాయి. కొత్తది మొదట్లోనే కాస్త వంకరగా ఎక్కితే గూడు గీసుకుపోతుంది, అప్పుడు నకిల్ కూడా మార్చాలి. శుభ్రంగా ఉన్న, వయసు తక్కువ కారుకైతే సరే.

పాత హబ్బు బయటికి వచ్చినప్పుడు లోపలి రింగు సగం దానికే అంటుకుని వస్తుంది. పులర్‌తో రాకపోతే గ్రైండరుతో ఏటవాలుగా దాదాపు ఆసాంతం కోసి, హబ్బుకు తగలకముందే ఆపి, ఉలితో ఒక్క దెబ్బ వేస్తే రింగు పగిలి వదులుతుంది. కళ్లద్దాలు లేకుండా ఈ పని వద్దు, గట్టి ఉక్కు ముక్కలై ఎగురుతుంది. హబ్బు మీద గాడి పడి ఉంటే హబ్బూ మార్చాలి. గూడును సన్నటి ఎమెరీ కాగితంతో తుడిచి, పొడిబట్టతో శుభ్రంచేసి, పలచగా నూనె రాయండి. సర్‌క్లిప్ గాడిలో చుట్టూ కూర్చుందో లేదో వేలితో తడిమి చూడాలి. ఒకసారి నొక్కి తీసిన బేరింగ్‌ను మళ్లీ వాడకూడదు.

కొత్త బేరింగ్‌ను రాత్రంతా డీప్ ఫ్రీజర్‌లో పెట్టే చిట్కా బాగా ప్రచారంలో ఉంది. లెక్క వేస్తే అది నిలబడుతుంది. 72 మిల్లీమీటర్ల బయటి కొలత ఉన్న బేరింగ్ 30 డిగ్రీల నుంచి మైనస్ 18కి చల్లబడితే సుమారు 0.04 మిల్లీమీటరు కుంచించుకుంటుంది. ఇక్కడి బిగుతు లెక్కలన్నీ మిల్లీమీటరులో వందోవంతుల్లోనే ఉంటాయి కాబట్టి అది చిన్న సహాయం కాదు. ప్రెస్‌కు బదులు మాత్రం కాదు. కాకినాడ, విశాఖ లాంటి ఉక్కపోత ఊళ్లలో బయటికి తీయగానే దాని మీద చెమ్మ పడుతుంది. గట్టి ప్లాస్టిక్ సంచిలోనే ఉంచి, నొక్కే ముందే తీసి తుడవాలి. నకిల్‌ను కాస్త వెచ్చచేయొచ్చు. సీలు వేసిన బేరింగ్‌ను మాత్రం ఎప్పుడూ కాల్చకూడదు, 120 డిగ్రీలు దాటితే సీలూ గ్రీజూ రెండూ పోతాయి.

ఇంకో చిక్కు ఏబీఎస్. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో తయారయ్యే కొత్త కార్లకు ఏబీఎస్ తప్పనిసరి. చాలా బేరింగ్‌లకు ఒకవైపు సీలులోనే అయస్కాంతపు పట్టీ ఉంటుంది, అది సెన్సార్ వైపు ఉండాలి. తిరగేసి నొక్కితే బేరింగ్ బాగానే తిరుగుతుంది, దీపం మాత్రం ఆరదు, మళ్లీ విప్పితే బేరింగ్ దండగ. రెండు వైపులా చూడ్డానికి ఒకేలా ఉంటే సన్నటి పేపర్ క్లిప్ ఆనించి చూడండి, పట్టీ ఉన్నవైపు అంటుకుంటుంది. అయస్కాంతం ఉన్న పనిముట్లు దాని దగ్గరికి తేకండి.

ఇంటికొచ్చి అన్నీ తిరిగి బిగించాక కొత్త యాక్సిల్ నట్టు వేయండి, పాతది వద్దు. బిగువు ఎంతో మీ కారు మాన్యువల్‌లో చూసి, టార్క్ రెంచితో బిగించండి. 200 న్యూటన్ మీటర్లంటే అరమీటరు కడ్డీ చివర 40 కిలోల బరువు వేలాడదీసినంత, అందాజాకు వచ్చేది కాదు. చక్రం నేలను తాకకముందే, ఒకరు బ్రేకు తొక్కి పట్టగా ఈ పని పూర్తవ్వాలి. ఇంపాక్ట్ గన్ను విప్పడానికే, బిగించడానికి కాదు. ఆఖరున నట్టు అంచును గాడిలోకి కొట్టడం మరవకండి. స్ట్రట్ బోల్టులు విప్పినవాళ్లు చక్రాల అలైన్‌మెంటు చేయించుకోవాలి.

బేరింగ్ కొనేటప్పుడు చవక చూడకండి. పెద్ద బ్రాండ్ల పేరుతో నకిలీలు నిజంగానే ఉన్నాయి. పాత రింగు మీద చెక్కిన నంబరు రాసుకుని వెళ్లి, అధీకృత డీలరు దగ్గర బిల్లుతో కొనండి. ఎస్‌కేఎఫ్ లాంటి కంపెనీలు పెట్టెను ఫోన్‌తో సరిచూసుకునే ఆప్ ఇస్తున్నాయి, వాడుకోండి. ఒకవైపు పోయిందని రెండోవైపు కూడా మార్చేయమనే సలహా తరచూ వినిపిస్తుంది. రెండోది స్ప్రింగు పరీక్షలో నిశ్శబ్దంగా ఉంటే దాని జోలికి పోవద్దనే నేనంటాను. కంపెనీవాళ్లు శుభ్రంగా నొక్కి పంపిన బేరింగ్‌ను తీసి, మనం నొక్కించేదాన్ని పెట్టడం ఎప్పుడూ లాభమే అని చెప్పలేం.

పాత బేరింగ్‌ను మాత్రం చెత్తలో వేసే ముందు సీలు ఊడదీసి, గ్రీజు తుడిచి, రెండు దారులనూ వెలుతురులో చూడండి. పెచ్చులూడి ఒకపక్క గరుకుగా ఉంటే అది వయసు తీరి పోయిన బేరింగ్, మిగతావి కూడా అదే వయసువి. గుండ్లు ఎంత ఎడంలో ఉన్నాయో అంతే ఎడంలో వరుసగా చొట్టలుంటే గుంత దెబ్బ గానీ నొక్కుడు తప్పు గానీ. ఈమధ్యే వేసిన బేరింగ్‌లో అవి కనిపిస్తే ఈసారి వేరే ప్రెస్ షాపు చూసుకోండి. ఉక్కు నీలంగా మారి ఉంటే గ్రీజు అయిపోయి కాలింది. తుప్పు మచ్చలుండి, గ్రీజు తెల్లబడి ఉంటే నీళ్లు దిగాయి. అదే నీళ్లలో దిగిన మిగతా మూడు చక్రాల స్ప్రింగుల మీద కూడా ఆ వారంలోనే వేళ్లు పెట్టి చూడండి.